లావు అక్షరానికి ఫోన్‌లో చోటెక్కడ? స్లాబ్ సెరిఫ్ మీద ఒక డెవలపర్ మాట

ఫోన్ రివ్యూ అంటే మనకి ఒక లెక్క ఉంది. ప్రాసెసర్ గురించి రెండు పేరాలు, కెమెరా కోసం పది ఫొటోలు, ఛార్జింగ్ స్పీడ్‌కి స్టాప్‌వాచ్ పట్టుకుని మరీ ఒక టేబుల్. రోజంతా కళ్ల ముందుండే అక్షరాల గురించి మాత్రం ఒక్క లైన్ ఉండదు. ఉంటే గింటే "ఫాంట్ క్లీన్‌గా ఉంది" అని తేల్చేస్తాం. ఈసారి బెంచ్‌మార్క్‌లు పక్కన పెట్టి ఆ ఫాంట్ సంగతే మాట్లాడుకుందాం. అందులోనూ ఒక్క రకం గురించే: బాగా లావుగా, కాళ్లు చాపుకుని నిలబడే బోల్డ్ స్లాబ్ సెరిఫ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఫోన్ స్క్రీన్ మీద పెద్ద సైజులో, తక్కువ మాటల్లో ఏదైనా చెప్పాలంటే దీన్ని మించిన అక్షరం లేదు. కంపెనీలు దాన్ని అనవసరంగా వదిలేశాయి. కానీ దాన్ని తెలుగు యాప్‌లోకి తెచ్చే పద్ధతి మాత్రం ఇంకా మనవాళ్లకి కుదరలేదు. ఆ దెబ్బ తగిలేది ఇంగ్లిష్ అక్షరానికి కాదు, మన అక్షరానికి.

స్లాబ్ అంటే ఇంటి స్లాబే

సొంతిల్లు కట్టిన ఏ తెలుగువాడినైనా అడగండి, స్లాబ్ అంటే ఏంటో గంటసేపు చెప్తాడు. ఈ ఫాంట్లలో స్లాబ్ కూడా అదే. ఇంగ్లిష్ క్యాపిటల్ "ఐ" అక్షరాన్ని ఊహించుకోండి. రోబోటో లాంటి శాన్స్ ఫాంట్‌లో అది ఒట్టి నిలువు గీత. టైమ్స్ న్యూ రోమన్‌లో ఆ గీతకి పైనా కిందా సన్నగా తేలిపోయే అంచులుంటాయి, వాటినే సెరిఫ్‌లు అంటారు. స్లాబ్ సెరిఫ్‌లో ఆ అంచులు సన్నబడవు. దీర్ఘచతురస్రంలా, చదునుగా, పిల్లర్ మీద స్లాబ్ పోసినట్టు ఉంటాయి.

వీటిలోనూ రకాలున్నాయి. 1934లో మోనోటైప్ తెచ్చిన రాక్‌వెల్‌లో నిలువు గీత, అడ్డ గీత, స్లాబ్ అన్నీ ఇంచుమించు ఒకే మందం, స్కేలు పెట్టి గీసినట్టు. క్లారెండన్ రకంలో స్లాబ్ దగ్గర గీత కొంచెం వంపు తిరిగి కలుస్తుంది, అందుకే కాస్త మెత్తగా కనిపిస్తుంది. ఇక నేను ఈ వ్యాసంలో ఎక్కువగా ఉదాహరణకి తీసుకునేది ఆల్ఫా స్లాబ్ వన్. జె.ఎం. సోలే డిజైన్. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి మీ యాప్‌లో పెట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఒకే ఒక వెయిట్‌లో వస్తుంది. ఆ ఒక్క వెయిట్ కూడా మామూలు బోల్డ్ కాదు, బోల్డ్‌కి పెద్దన్న. "ఓ" అక్షరం మధ్యలో తెల్లటి ఖాళీ సన్నటి చీలికలా మిగులుతుంది, అంతే.

ఈ ఆల్ఫా స్లాబ్‌కి మూలం లండన్‌లో ఉంది. రాబర్ట్ థోర్న్ అనే అక్షరాల తయారీదారు చేసిన "సిక్స్ లైన్స్ పైకా ఈజిప్షియన్" అనే అచ్చు అక్షరం. థోర్న్ 1820లో చనిపోతే అతని ఫౌండ్రీని విలియం థారోగుడ్ కొన్నాడు. లాటరీలో తగిలిన డబ్బుతో కొన్నాడని చెప్తారు. ఆ రోజుల్లో ఇలాంటి బండ అక్షరాలని ఎక్కువగా వాడింది కూడా లాటరీ ప్రకటనలే కాబట్టి, కథ నిజమైతే భలే కుదిరింది. 1821 నాటి ఈ అక్షరం పేరులోనే దాని సైజు ఉంది. ఆరు పైకా లైన్ల ఎత్తు అంటే 72 పాయింట్లు, అంటే ఇంచుమించు ఒక అంగుళం. పుస్తకం లోపల చదవడానికి కాదు, వీధి అవతలి నుంచి కనిపించడానికి పుట్టిన అక్షరం అన్నమాట. ఈజిప్షియన్ అనే పేరుకి ఈజిప్టు లిపితో సంబంధమేమీ లేదు. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర తర్వాత యూరప్‌లో ఈజిప్టు పిచ్చి పట్టుకుంది, కొత్తగా వచ్చిన ప్రతిదానికీ ఆ పేరు తగిలించారు. ఇప్పుడు మనం ప్రతి యాప్‌కీ ఏఐ అని తగిలించట్లేదూ, అలాగే.

అదే ఫౌండ్రీ నుంచి 1845లో రాబర్ట్ బెస్లీ క్లారెండన్ తెచ్చాడు. ఇది ఒక్క పోస్టర్ల కోసం కాదు. డిక్షనరీల్లాంటి వాటిలో మామూలు అక్షరాల మధ్య ఒక మాటని మందంగా చూపించడానికి బాగా పనికొచ్చింది. ఈరోజు మనం కీబోర్డ్ మీద కంట్రోల్ పట్టుకుని "బి" నొక్కితే జరిగే పని, అప్పట్లో క్లారెండన్ పెట్టి చేసేవాళ్లు. డిజైన్‌కి మూడేళ్ల రక్షణ మాత్రమే దొరికింది. అది అయిపోగానే మిగతా ఫౌండ్రీలన్నీ కాపీలు దించేశాయి. ఒక కంపెనీ నాచ్ పెట్టగానే ఆరు నెలల్లో అందరూ నాచ్ పెట్టడం చూసిన మనకి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

గాడ్జెట్ల లోకంలో స్లాబ్ కొత్తేం కాదు

సోనీ లోగో ఒకసారి గుర్తు చేసుకోండి. 1973 నుంచి దాదాపు అలాగే ఉన్న ఆ నాలుగు అక్షరాలు స్లాబ్ సెరిఫే. వాక్‌మన్ మీద, ప్లేస్టేషన్ డబ్బా మీద, ఎక్స్‌పీరియా వెనక కూడా అదే. ఐబీఎం లోగో కూడా స్లాబే. పాల్ రాండ్ 1956లో గీసిన దానికి ఆధారం సిటీ అనే జర్మన్ స్లాబ్ ఫాంట్, 1972లో దాన్నే ఎనిమిది అడ్డ చారలుగా కోశాడు. బైక్ మీద హోండా అనే మాట చూడండి, అదీ ఇదే కుటుంబం. ఈ మూడు పేర్లూ దశాబ్దాలుగా పాతబడకుండా ఉన్నాయంటే, అందులో కొంత పుణ్యం ఆ అక్షరాల పునాదిదే అని నా నమ్మకం. స్లాబ్ ఉన్న అక్షరానికి ఒక "మెషిన్" వాసన ఉంటుంది. బోల్టులు బిగించి పెట్టినట్టు ఉంటుంది. వస్తువు తయారుచేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

సాఫ్ట్‌వేర్ వైపు కూడా ప్రయత్నాలు జరిగాయి. 2013లో గూగుల్ రోబోటో స్లాబ్ తెచ్చి, గూగుల్ కీప్ యాప్‌కి అదే ఫాంట్ పెట్టింది. అప్పటి కీప్ వాడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, నోట్స్ చూస్తే ఎవరో టైప్‌రైటర్ మీద కొట్టిన చీటీల్లా ఉండేవి. 2018లో అది కూడా మామూలు శాన్స్‌కి మారిపోయింది. అప్పటినుంచి కీప్ మిగతా గూగుల్ యాప్‌ల గుంపులో తప్పిపోయిందని నేనంటాను. మొజిల్లా 2017లో లోగో మార్చినప్పుడు టైపోథెక్ అనే సంస్థతో జిల్లా స్లాబ్ చేయించి, దాన్ని అందరికీ ఉచితంగా వదిలింది. 2007లో వచ్చిన మొదటి కిండిల్‌లో చదివే అక్షరం కూడా స్లాబే, పేరు సిసీలియా. ఆ పాత ఈ-ఇంక్ స్క్రీన్ 167 పీపీఐ. మామూలు సెరిఫ్ ఫాంట్లలో ఉండే వెంట్రుక లాంటి గీతలు దాని మీద విరిగిపోయి కనిపిస్తాయి. గీతలన్నీ దాదాపు ఒకే మందంలో ఉండే సిసీలియా అక్కడ నిలబడింది. స్క్రీన్ 300 పీపీఐ అయ్యాక, 2015లో అమెజాన్ బుకర్లీకి మారింది. అంటే స్లాబ్‌కి స్క్రీన్‌తో పాత స్నేహమే.

మనలాంటి కోడింగ్ బతుకులకైతే ఇంకా దగ్గర చుట్టం. కోడ్ ఎడిటర్‌లో వాడే మోనోస్పేస్ ఫాంట్‌లో చిన్న "ఐ", చిన్న "ఎల్" చూడండి. కాన్సోలాస్ అయినా, జెట్‌బ్రెయిన్స్ మోనో అయినా, ఆ రెండు అక్షరాలకి స్లాబ్‌లు ఉంటాయి. అన్ని అక్షరాలకీ ఒకే వెడల్పు ఇవ్వాలి కాబట్టి, సన్న అక్షరాలు కాళ్లు చాపి ఆ చోటు నింపుతాయి. టైప్‌రైటర్ రోజుల్లో ఐబీఎం కోసం గీసిన కొరియర్‌ది కూడా అదే టెక్నిక్. రోజుకి పది గంటలు స్లాబ్‌లు చూస్తూ పనిచేసే మనం, యాప్ డిజైన్ దగ్గరకి వచ్చేసరికి వాటిని ఎందుకు మర్చిపోతామో నాకర్థం కాదు.

ఇప్పుడు పరిస్థితి చూడండి. గూగుల్‌కి రోబోటో, యాపిల్‌కి శాన్ ఫ్రాన్సిస్కో, శాంసంగ్‌కి శాంసంగ్ వన్, షావోమీకి మై శాన్స్, ఒప్పోకి ఒప్పో శాన్స్. ఎవరి ఫాంట్ వాళ్లు డబ్బులు పెట్టి చేయించుకున్నారు, మంచిదే. సెట్టింగ్స్ పేజీకి, చాట్‌కి, మెయిల్‌కి అవే కరెక్ట్, అందులో నాకు గొడవ లేదు. కానీ లాక్ స్క్రీన్ మీద గడియారం, బాక్స్ మీద పేరు, లాంచ్ ఈవెంట్‌లో ధర స్లైడ్... ఇవి కూడా అదే గొంతుతో మాట్లాడితే ఐదు ఫోన్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఏది ఎవరిదో లోగో చూస్తే తప్ప తెలియట్లేదు.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు

బోల్డ్ స్లాబ్ స్వభావం ఒక్క మాటలో చెప్పమంటే, రైతుబజార్‌లో గట్టిగా ధర చెప్పే మనిషి. అరుస్తాడు, కానీ బెదిరించడు. ఇంపాక్ట్ లాంటి ఇరుకు శాన్స్ కూడా లావే, కానీ అది మీమ్‌లకి అలవాటు పడిపోయింది, ఏం రాసినా వెటకారంగా కనిపిస్తుంది. స్లాబ్‌కి ఆ జబ్బు లేదు. మహా అయితే కౌబాయ్ సినిమాల్లో "వాంటెడ్" పోస్టర్ గుర్తొస్తుంది. అది కూడా చెక్క, గోధుమరంగు కాగితం, నక్షత్రాలు జతచేస్తేనే. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక్క రంగులో పెట్టి చూడండి, గుర్రాలేవీ గుర్తురావు.

నాకు బాగా నచ్చే చోటు అంకెలు. క్రికెట్ యాప్‌లో స్కోరు, వెదర్ విడ్జెట్‌లో ఉష్ణోగ్రత, సేల్ పేజీలో ధర, ఫిట్‌నెస్ యాప్‌లో నడిచిన అడుగులు. అంకెకి బరువు కావాలి, స్లాబ్ ఆ బరువు ఇస్తుంది. "1" కింద చదునైన పీట ఉండటంతో అది ఏ గీతలాగానో కాక ఒకటిలాగే కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: టైమర్‌కో స్కోరుకో వాడేముందు ఆ ఫాంట్‌లో అంకెలన్నీ ఒకే వెడల్పులో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే సెకను మారినప్పుడల్లా అంకెలు కుడిఎడమలకి ఊగుతాయి, తలనొప్పి.

ఆండ్రాయిడ్ 12లో లాక్ స్క్రీన్ గడియారం రెండు వరుసల్లో పెద్దదైంది. ఐఓఎస్ 16లో గడియారం ఫాంట్ మార్చుకునే వీలొచ్చింది. అంటే ఫోన్లో దాదాపు పోస్టర్ సైజు అక్షరం పెట్టడానికి చోటు దొరికింది. అంగుళం ఎత్తు కోసం పుట్టిన అక్షరానికి రెండొందల ఏళ్ల తర్వాత మళ్లీ అంత ఎత్తు గోడ దొరికితే, దాన్ని వాడుకోకపోవడం ఏంటి?

ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లేకి మాత్రం నేనే వద్దంటాను. ఓఎల్‌ఈడీలో నల్ల పిక్సెల్ ఆగి ఉంటుంది, వెలిగే పిక్సెలే కరెంటు తింటుంది. లావు అక్షరం అంటే ఎక్కువ పిక్సెళ్లు. అంతకంటే పెద్ద విషయం బర్న్-ఇన్. అది రాకుండా ఫోన్లు గడియారాన్ని అప్పుడప్పుడు కొన్ని పిక్సెళ్లు పక్కకి జరుపుతుంటాయి. సన్న గీత అయితే ఆ కొంచెం జరుపుడుకే పాత చోటు ఖాళీ అవుతుంది. గీత నలభై పిక్సెళ్ల మందం ఉండి, ఐదు పిక్సెళ్లు జరిపితే, మిగతా ముప్పై ఐదు పిక్సెళ్లకి రెస్టే దొరకదు. కాబట్టి అక్కడ సన్న గీతలే మేలు.

చిన్న సైజులో కూడా వద్దు. నోటిఫికేషన్ టెక్స్ట్, బటన్ మీద మాట, పర్మిషన్ డైలాగ్... వీటిలో ఆల్ఫా స్లాబ్ పెడితే చిన్న "ఈ", చిన్న "ఏ" అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోయి సిరా చుక్కల్లా తయారవుతాయి. 28 పిక్సెళ్ల కంటే కింద నేను వాడను. హెడ్డింగ్ కూడా నాలుగైదు మాటలు దాటితే ఆపేస్తాను. పేజీలో ఒక్క చోట ఉంటే అది కబురు, నాలుగు చోట్ల ఉంటే గోల. కింద చదివే టెక్స్ట్‌కి మామూలు శాన్స్ పెట్టుకోండి. మధ్యస్తంగా కావాలంటే రోబోటో స్లాబ్ ఉంది. ఇప్పుడది వేరియబుల్ ఫాంట్, 100 నుంచి 900 దాకా ఏ మందమైనా తీసుకోవచ్చు.

కంప్యూటర్ పూసే దొంగ మందం

ఇది డెవలపర్లు తప్పకుండా చదవాలి. ఆల్ఫా స్లాబ్ వన్‌కి ఒకే వెయిట్ ఉందని చెప్పాను కదా, సాంకేతికంగా దాని నంబర్ 400, అంటే "రెగ్యులర్". మీరు దాన్ని వెబ్ పేజీలో హెచ్1 హెడ్డింగ్‌కి పెట్టారనుకోండి. బ్రౌజర్‌లో హెచ్1 డిఫాల్ట్‌గా బోల్డ్. బ్రౌజర్ ఏం ఆలోచిస్తుందంటే, "నన్ను బోల్డ్ అడిగారు, ఈ ఫాంట్‌లో బోల్డ్ ఫైల్ లేదు, సరే నేనే తయారుచేస్తా". ఉన్న అక్షరం చుట్టూ ఇంకో పూత పూస్తుంది. దీన్నే ఫేక్ బోల్డ్ అంటారు. ముందే బండగా ఉన్న అక్షరానికి ఇంకో పూత పడితే లోపల మిగిలిన ఆ సన్న చీలికలు కూడా పోతాయి. చాలా సైట్లలో ఆల్ఫా స్లాబ్ చూసి "ఛీ, ఇదేం ఫాంట్" అనుకునేవాళ్లు చూస్తున్నది నిజానికి ఆ ఫాంట్‌నే కాదు.

మందు చిన్నదే. సీఎస్ఎస్‌లో ఆ హెడ్డింగ్‌కి ఫాంట్-వెయిట్ 400 అని రాయండి. ఇంకా గట్టిగా కావాలంటే ఫాంట్-సింథసిస్‌కి నన్ అని పెట్టండి, బ్రౌజర్ సొంత తెలివి వాడటం మానేస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లో కూడా ఇదే కథ, బోల్డ్ స్టైల్ అడిగి బోల్డ్ ఫైల్ ఇవ్వకపోతే అది కూడా పూత పూసేస్తుంది. కంపోజ్ వాడేవాళ్లకి ఫాంట్ సింథసిస్ ఆపే ఆప్షన్ అక్కడే ఉంది.

మరి తెలుగు సంగతి?

ఇంగ్లిష్‌లో ఫేక్ బోల్డ్ పడితే అందం పోతుంది. తెలుగులో పడితే అర్థమే పోతుంది. ద, ధ, థ పక్కపక్కన రాసి చూడండి. థకి తేడా తెచ్చేది పొట్టలో ఉన్న ఒక్క చుక్క. ర, ఠ మధ్య తేడా కూడా అంతే. పైనుంచి పూత పూస్తే ఆ చుక్క ఉబ్బి పక్క గీతకి అంటుకుపోతుంది. "కథలు" అనే సెక్షన్ పేరు "కధలు" అవుతుందో, ఏదో నల్లటి ముద్ద అవుతుందో మీ అదృష్టం. కథని కధ అని రాయొద్దని స్కూల్లో తెలుగు మాస్టారు చెవి మెలేసి నేర్పించింది ఫోన్ ఒక్క సెకనులో మాపేస్తుంది. ప, వల మధ్య తేడా చిన్న ఖాళీ. బ, భల మధ్య కింద ఒక చిన్న గీత. మన లిపి ఇలాంటి చిన్న చిన్న తేడాల మీదే నిలబడి ఉంది.

మరి ఫేక్ బోల్డ్ తెలుగుకి ఎలా వస్తుంది? గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మన తెలుగు డిస్‌ప్లే ఫాంట్లలో చాలావాటికి, రామభద్ర, ఎన్టీఆర్, ధూర్జటి లాంటి వాటికి, ఒకే వెయిట్ ఉంది. ఆల్ఫా స్లాబ్‌కి ఉన్న సమస్యే వీటికీ ఉంది. అందులో రామభద్ర ముందే లావు. దాన్ని హెచ్1లో పడేసి వెయిట్ చెప్పకుండా వదిలేసిన తెలుగు న్యూస్ పేజీలు నేను చాలా చూశాను.

రెండో సమస్య ఫాల్‌బ్యాక్. ఆల్ఫా స్లాబ్‌లో తెలుగు అక్షరాలు లేవు. రాక్‌వెల్, రోబోటో స్లాబ్, జిల్లా స్లాబ్ వేటిలోనూ లేవు. హెడ్డింగ్‌లో ఇంగ్లిష్ బ్రాండ్ పేరు, పక్కన తెలుగు మాట ఉంటే, ఇంగ్లిష్‌కి మీరు ఏరికోరి పెట్టిన ఫాంట్ వస్తుంది, తెలుగుకి ఆ ఫోన్లో ఏది ఉంటే అది. ఆండ్రాయిడ్‌లో నోటో శాన్స్ తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్, విండోస్‌లో నిర్మల యూఐ. కంపెనీ పేరేమో పహిల్వాన్‌లా, పక్కన తెలుగేమో ఉపవాసం ఉన్నట్టు. చూసేవాడికి ఏది ముఖ్యమో, ఏది మొక్కుబడికి పెట్టారో చెప్పకుండానే తెలిసిపోతుంది. తెలుగు వెర్షన్ అని గొప్పగా ప్రకటించే యాప్‌ల మీద నా ప్రధాన ఫిర్యాదు ఇదే. ట్రాన్స్‌లేషన్‌కి డబ్బులు పెడతారు, అక్షరానికి పెట్టరు.

మూడోది ఎత్తు. క్యాపిటల్ ఇంగ్లిష్ అక్షరాలు గీత కిందకి దాదాపు దిగవు. అందుకే స్లాబ్ హెడ్డింగ్ బిగువుగా కనిపించాలని డిజైనర్లు లైన్-హైట్ 1, ఒక్కోసారి 0.9 కూడా పెడతారు. అదే బాక్స్‌లో "లక్ష్మి" అని రాయండి, కింద మ ఒత్తు కోసుకుపోతుంది. "స్త్రీ" అని రాస్తే పైన గుడి దీర్ఘం పై లైన్‌ని గుద్దుకుంటుంది, కింద ఒత్తులు కింది లైన్‌లోకి దూరతాయి. నా మటుకు తెలుగు హెడ్డింగ్‌కి లైన్-హైట్ 1.4 కంటే తగ్గించను. "మరీ వదులుగా ఉంది" అని డిజైన్ టీమ్ వాళ్లు మొహం చిట్లిస్తారు. ఒత్తు కోసేసిన స్క్రీన్‌షాట్ చూపిస్తే ఒప్పుకుంటారు, అదీ వాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు ఒక్కరైనా ఉంటే. మాటల పొడవు గురించి చెప్పక్కర్లేదు. "క్యాన్సిల్" అనే ఆరక్షరాల ఇంగ్లిష్ మాట కోసం కొలిచిన బటన్‌లో "రద్దు చేయండి" పట్టదు, అందులోనూ లావు అక్షరంలో.

తెలుగు అక్షరాన్ని టెస్ట్ చేయకుండా వదిలేస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" అనే ఒక్క అక్షరం వస్తే ఐఫోన్ యాప్‌లు టపటపా క్రాష్ అయ్యాయి. యాపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 వదలాల్సి వచ్చింది. అది క్రాష్ కాబట్టి వార్తయింది. కోసుకుపోయిన ఒత్తులు, మూసుకుపోయిన చుక్కలు రోజూ జరుగుతాయి, ఎవరికీ వార్త కాదు.

అయితే తెలుగుకి కూడా స్లాబ్‌లు తగిలించాలా? తలకట్టుని చదునుగా కోసి, అక్షరం కింద పీటలు పెట్టి? నాకు ఆ ఆలోచన నచ్చదు. తాటాకు మీద గంటంతో రాసిన లిపి కాబట్టే మనది ఇంత గుండ్రంగా తయారైందంటారు. దానికి ఇటుకలు అతికిస్తే ఇంగ్లిష్ వేషం వేసినట్టుంటుంది తప్ప స్లాబ్‌లోని బలం రాదు. స్లాబ్ నుంచి తీసుకోవాల్సింది పీటలు కాదు, మందం. గీతంతా నిండుగా ఉండి, లోపలి ఖాళీలు మాత్రం ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసి ఉంచినట్టు ఉండాలి.

అలాంటి తెలుగు అక్షరం మనకి కొత్తా? ఏ ఊళ్లోనైనా ఫ్లెక్సీ షాపుకి వెళ్లండి. పుట్టినరోజు శుభాకాంక్షలకి, సంతాపానికి, సర్పంచ్ ఎన్నికకి, వేటికవే తగిన లావు తెలుగు అక్షరాలు అను ఫాంట్స్‌లో సిద్ధంగా ఉంటాయి. ఆ ముందు తరంలో గోడల మీద, లారీల మీద బ్రష్‌తో రాసేవాళ్లు. లండన్‌లో స్లాబ్ చేసిన పని మన వీధిలో ఇవి చేశాయి. చిక్కేంటంటే, డీటీపీ కోసం పుట్టిన ఆ అను ఫాంట్లు యూనికోడ్ కాదు. పేజ్‌మేకర్‌లోనో ఫొటోషాప్‌లోనో బొమ్మలా వాడుకోవచ్చు కానీ, యాప్‌లో నేరుగా పనిచేయవు. వీధిలో ఉన్న సంపద ఫోన్లోకి రాలేదు.

ఫోన్లోకి వచ్చినవాటిలో నేను వాడేవి రెండు. ఏక్ టైప్ వాళ్ల బాలూ తమ్ముడు 2, దీనికి 400 నుంచి 800 దాకా వెయిట్లు ఉన్నాయి. గుండ్రంగా, కాస్త అల్లరిగా ఉంటుంది కాబట్టి గేమ్‌లకి, ఫుడ్ యాప్‌లకి బాగుంటుంది. అదే సంస్థ 2022లో తెచ్చిన అనేక్ తెలుగు ఇంకా పనికొస్తుంది. మందంతోపాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు. 800 మందంలో, వెడల్పు కొంచెం పెంచి ఆల్ఫా స్లాబ్ పక్కన పెడితే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లలా ఉంటారు. ఒకరికి కాళ్లున్నాయి, ఒకరికి లేవు, అంతే తేడా. రామభద్ర కూడా మంచిదే, వెయిట్ 400 అని రాయడం మర్చిపోకపోతే.

చేసే పద్ధతి కూడా కష్టమేం కాదు. ఫాంట్-ఫేస్ డిక్లరేషన్‌లో యూనికోడ్-రేంజ్ అని ఒకటి ఉంది. తెలుగు బ్లాక్‌లోని 128 స్థానాలకి అనేక్, మిగతా వాటికి ఆల్ఫా స్లాబ్ అని రెండూ ఒకే పేరు కింద రాసేయొచ్చు. తెలుగు మరీ చిన్నగా కనిపిస్తే సైజ్-అడ్జస్ట్ అనే ఇంకో ప్రాపర్టీతో పది శాతం పెంచండి. ఫాంట్ బరువు గురించి భయపడేవాళ్లు గుర్తుంచుకోండి, గూగుల్ ఫాంట్స్ లింక్‌కి టెక్స్ట్ అనే పారామీటర్ కలిపితే మీకు కావాల్సిన అక్షరాలు మాత్రమే డౌన్‌లోడ్ అవుతాయి. మారని హెడ్డింగ్ ఒకటే ఉన్న పేజీకి అది చాలు. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలిసి వస్తున్నాయో లేదో మాత్రం ఫోన్ మీద కళ్లతో చూసుకోండి, ఎమ్యులేటర్‌ని నమ్మి వదిలేయకండి.

ఫోన్ కంపెనీలని అడగాల్సింది ఇంకోటి ఉంది. థీమ్ స్టోర్‌లో కనిపించే స్టైలిష్ ఫాంట్లలో ఎక్కువ వాటిలో తెలుగు ఉండదు. అప్లై చేస్తే టైమ్ మారుతుంది, ఇంగ్లిష్ మారుతుంది, తెలుగు కాంటాక్ట్ పేర్లు మాత్రం పాత ఫాంట్‌లోనే ఉండిపోతాయి. డౌన్‌లోడ్ చేసేముందు ఏ లిపులు ఉన్నాయో ఒక్క లైన్ రాస్తే పోయేదేముంది?

మీ ఫోన్‌ని మీరే టెస్ట్ చేసుకోవాలంటే కథ, మఠం, స్త్రీ, లక్ష్మి, ఈ నాలుగు మాటలు నోట్స్ యాప్‌లో టైప్ చేసి, బోల్డ్ చేసి, సైజు పూర్తిగా పెంచండి. థలో చుక్క, ఠలో చుక్క, స్త్రీ కింద ఒత్తులు, క్ష్మి కింద మ ఒత్తు విడివిడిగా కనిపించాలి. తర్వాత అదే మాటలు సిస్టమ్ ఫాంట్ సైజు మార్చి, థీమ్ మార్చి చూడండి. ఇకమీదట నేను రాసే రివ్యూల్లో లాక్ స్క్రీన్ ఫొటో పక్కన ఈ నాలుగు మాటల స్క్రీన్‌షాట్ కూడా పెడుతున్నాను. మీ ఫోన్లో ఎలా వచ్చిందో మోడల్ పేరుతో పాటు పంపండి.